పాత బ్రౌజర్లు ఎలా పోతాయి: తిరుపతిలో ఒక లాడ్జి సైటు కేస్ స్టడీ

తిరుపతి బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జి ఉంది. దాని ఓనరుకే ట్రావెల్స్ కూడా ఉంది. రెండింటికీ కలిపి ఒకటే వెబ్‌సైటు. అందులో గది బుక్ చేసుకోవచ్చు, కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు చూసి రావడానికి కారు మాట్లాడుకోవచ్చు. 2013 నుంచి ఆ సైటు బాగోగులు నేనే చూస్తున్నాను. సర్వర్ లాగ్‌లు, అంటే సైటుకు ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే ఫైళ్లు, చెరిపేయకుండా దాచుకుంటూ వచ్చాను కాబట్టి, పాత బ్రౌజర్లు వాడేవాళ్లు ఎందుకు తగ్గుతారు, ఎప్పుడు తగ్గుతారు అన్నది దగ్గర నుంచి చూసే వీలు దొరికింది.

క్లయింటు పేరు, బుకింగుల అంకెలు ఇక్కడ ఇవ్వడం లేదు. ఒక్కచోట మాత్రం లెక్క తెలియడానికి ఊహించిన అంకెలు వాడాను, అక్కడే ఆ సంగతి చెప్పాను.

నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. బ్రౌజర్ పాతదైపోయిందని తనంతట తాను మార్చుకున్న మనిషి ఈ సైటుకు వచ్చేవాళ్లలో అరుదు. కింద ఉన్న మెషీన్ పోయినప్పుడు బ్రౌజర్ పోతుంది. లేదా కావలసిన పేజీ తెరుచుకోనప్పుడు పోతుంది. ఈ రెండూ జరగనంత కాలం అది కదలదు.

అప్పట్లో ఎవరు వచ్చేవారు

2013లో ఈ సైటుకు యాత్రికులు నేరుగా వచ్చింది తక్కువ. బస్టాండు చుట్టుపక్కల, యూనివర్సిటీ దారిలో, చిత్తూరులో, మదనపల్లెలో ఉండే నెట్ సెంటర్ల వాళ్లు, చిన్న ట్రావెల్ ఏజెంట్లు వచ్చేవారు. భక్తుడు కుర్చీ పక్కన నిలబడి ఉంటే, ఆపరేటర్ దర్శనం టికెట్ పని చూసి, అదే ఊపులో గది కూడా చూసేవాడు. ఆ కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్ ఎక్స్‌పీవే. ఎక్స్‌పీ మీద మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ అయిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కి మించి పోదు. 2011లో వచ్చిన 9వ వెర్షన్‌కు తర్వాత వచ్చిన విండోస్ విస్టా గానీ విండోస్ 7 గానీ ఉండాలి. అంటే ఆ ఆపరేటర్‌కు అప్‌డేట్ చేయాలన్న బుద్ధి పుట్టినా దారి లేదు.

ఎక్స్‌ప్లోరర్ 8కి మా సైటులో సపోర్టు ఎప్పుడు ఆపేద్దామని ఓనరును అడిగితే ఆయన మాట ఒకటే. "ఒక్క కస్టమర్ కూడా పోకూడదు సామీ. వాళ్లు యాడ చూస్తే మనకేంది, గది బుక్ అయితే చాలు." వ్యాపారం చేసే మనిషి అలాగే అంటాడు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఎక్స్‌ప్లోరర్ 8 కోసం ప్రతి పేజీనీ విడిగా సరిచేయాలి. తెర సైజును బట్టి పేజీని సర్దే మీడియా క్వెరీలు దానికి తెలియవు, ఎస్‌వీజీ రకం బొమ్మలు రావు, పేజీని కదిలించే జావాస్క్రిప్ట్‌లో నొక్కుళ్లను కనిపెట్టే మామూలు ఈవెంట్ లిజనర్ కూడా లేదు. ఆ గంటలకు బిల్లు కట్టేది ఆయనే.

లాగ్ చదవడంలోనే తికమక

ఎవరు ఏ బ్రౌజర్ వాడుతున్నారో తెలుసుకోవడం కనిపించినంత సులువు కాదు. ప్రతి రిక్వెస్ట్‌తోపాటు యూజర్ ఏజెంట్ అనే పొడవాటి వరుస వస్తుంది. అందులో ‘విండోస్ ఎన్‌టీ 5.1’ ఉంటే ఎక్స్‌పీ, ‘6.1’ ఉంటే విండోస్ 7. మా లాగ్‌లో ఎక్స్‌ప్లోరర్ 7 అని రాసి ఉన్న వరుసలు బోలెడు కనిపించేవి. ఆశ్చర్యపోయి మిగతా వరుస చదివితే చివర్లో ‘ట్రైడెంట్ 4.0’ అని ఉండేది. ట్రైడెంట్ అనేది ఎక్స్‌ప్లోరర్ లోపలి ఇంజన్ పేరు, 4.0 అంటే అది ఎక్స్‌ప్లోరర్ 8. పాత సైట్ల కోసం పెట్టిన కంపాటిబిలిటీ వ్యూ ఆన్ చేసి ఉంటే అది తనను 7 అని చెప్పుకుంటుంది. పై ముక్క ఒక్కటే చూసి గ్రాఫ్ గీసే టూల్స్‌ను నమ్మితే, లేని బ్రౌజర్ కోసం పని చేసినట్టవుతుంది.

రెండో తికమక బాట్లది. సైట్లను తవ్వుకుపోయే ఈ ప్రోగ్రాముల్లో చాలావి తమ పేరు చెప్పుకోవు. ఎప్పటిదో ఒక పాత బ్రౌజర్ పేరు పెట్టుకుని వస్తాయి. ఇవి బొమ్మలు, స్టైల్ ఫైళ్లు దించుకోకుండా పేజీ మాత్రం ఎత్తుకుపోతాయి. 2020 దాటాక కూడా ఎక్స్‌ప్లోరర్ 6 పేరుతో హిట్లు వచ్చాయంటే ఎక్కడో ఒక పాత కంప్యూటర్ ముందు ఎవరో కూర్చున్నారని కాదు. అందుకే హిట్లు లెక్కపెట్టడం మానేశాం. తేదీ ఎంచుకుని, పేరు రాసి, ‘బుక్ చేయి’ నొక్కిన చోటు దాకా వచ్చినవాళ్లను మాత్రమే మనుషులుగా తీసుకున్నాం. ఈ జల్లెడ పట్టగానే పాత బ్రౌజర్ల బాధ సగానికి సగం తీరిపోయింది.

శాతం పడింది, మనుషులు అలాగే ఉన్నారు

2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. ఆ తర్వాత మా గ్రాఫులో ఎక్స్‌ప్లోరర్ శాతం జారుడుబల్ల మీద పడ్డట్టు దిగింది. ఓనరు సంబరపడి, "చూసినావా, అదే పోతాండాది" అన్నాడు. పోలేదు. ఊహా అంకెలతో చెప్తాను: నెలకు 1,000 మంది వచ్చేచోట 100 మంది పాత బ్రౌజర్ వాళ్లుంటే అది 10 శాతం. ఫోన్ల నుంచి కొత్తగా 4,000 మంది వచ్చి మొత్తం 5,000 అయితే, ఆ 100 మంది 100 మందిగానే ఉన్నా శాతం 2కి పడుతుంది. మా సైటులో జరిగింది సరిగ్గా ఇదే. నెట్ సెంటర్ ఆపరేటర్లు ఎక్కడికీ పోలేదు. వాళ్ల చుట్టూ జనం పెరిగారు, అంతే.

‘పాత బ్రౌజర్ వాడకం తగ్గింది’ అని ఎక్కడ చదివినా నాకు వచ్చే మొదటి అనుమానం ఇదే: తగ్గింది వాళ్ల సంఖ్యా, వాళ్ల వాటానా? ఎన్ని ఫైళ్లు పరీక్షించాలో తేల్చడానికి వాటా పనికొస్తుంది. ఎవరిని పోగొట్టుకుంటామో తెలియాలంటే సంఖ్య చూడాలి. మా ఓనరుకు కావలసింది రెండోది.

సీజన్ కూడా ఇలాగే మాయ చేస్తుంది. బ్రహ్మోత్సవాలప్పుడు, వేసవి సెలవుల్లో ఫోన్ల తాకిడి పెరిగి పాత బ్రౌజర్ల శాతం దిగుతుంది. సీజన్ అయిపోగానే మళ్లీ ఎక్కుతుంది. ఆదివారం తగ్గి, సోమవారం ఆఫీసులు తెరవగానే పెరుగుతుంది. అందుకే పోయిన నెలతో పోల్చి చూడటం దండగ. పోయిన ఏడాది ఇదే సీజన్‌తో పోల్చాలి.

డీప్ ఫ్రీజ్ ఉన్న కంప్యూటర్

క్రోమ్ తనంతట తానే అప్‌డేట్ అవుతుందని అందరికీ తెలుసు. 2010 నుంచి ఆరు వారాలకొక వెర్షన్ వచ్చేది. 2021 సెప్టెంబర్‌లో 94వ వెర్షన్‌తో నాలుగు వారాలకొకటిగా మార్చారు. మామూలు మెషీన్లలో పాత వెర్షన్ కొద్ది వారాల్లోనే మాయమవుతుంది. వాడే మనిషికి ఏ వెర్షనో కూడా తెలియదు. ఈ ఆటోమేటిక్ అప్‌డేటే పాత బ్రౌజర్లను అన్నింటికంటే ఎక్కువగా తగ్గించింది. మనిషిని అడగకపోవడంలోనే దాని బలమంతా ఉంది.

అయినా మా లాగ్‌లో విండోస్ 7 మీద కొన్ని క్రోమ్ వెర్షన్లు నెలల తరబడి అదే నంబరుతో కనిపించేవి. కారణం తెలుసుకుందామని వాటిలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లి చూశాను. టాస్క్‌బార్ మూలలో చిన్న ఎలుగుబంటి ఐకాన్ ఉంది. అది డీప్ ఫ్రీజ్. కస్టమర్లు వైరస్‌లు ఎక్కించినా, ఫైళ్లు వదిలేసినా, రీస్టార్ట్ చేయగానే డిస్కు మొదటి రోజు ఎలా ఉందో అలాగే అయిపోతుంది. నెట్ సెంటర్‌కు ఇది ప్రాణం లాంటిది. క్రోమ్‌కు మాత్రం చిక్కు: పొద్దున అప్‌డేట్ దించుకుంటుంది, రాత్రి షట్‌డౌన్ చేయగానే అది తుడిచిపెట్టుకుపోతుంది, మర్నాడు మళ్లీ అదే తంతు. డేటా ఖర్చు, వెర్షన్ మాత్రం మారదు.

సెట్ చేసినవాడిని ఒకసారి డీప్ ఫ్రీజ్ తీసి అప్‌డేట్ చేసి మళ్లీ పెట్టమని ఆపరేటర్‌తో అన్నాను. "పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరుండాది అన్నా. వాళ్లొస్తే సర్వీస్ చార్జీ ఇయ్యాల. ఇప్పుడు ఏం పని ఆగిపోయింది?" అన్నాడు. ఏ పనీ ఆగిపోలేదు, నిజమే.

తలుపు మూసింది మేం కాదు

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. మా లాగ్‌లో ఆ తేదీ దగ్గర ఏ మార్పూ లేదు. వార్తల్లో వచ్చింది, నెట్ సెంటర్లలో ఎవరూ పట్టించుకోలేదు. మార్పు వచ్చింది 2018 నడుమ.

ఆ ఏడాది జూన్ 30 నాటికి కార్డు చెల్లింపులు తీసుకునేవాళ్లంతా కనెక్షన్‌ను ఇతరులు చదవకుండా కాపాడే టీఎల్‌ఎస్ పద్ధతిలో పాతదైన 1.0ను ఆపేయాలని చెల్లింపు కార్డుల భద్రతా ప్రమాణం గడువు పెట్టింది. ఎక్స్‌పీలో ఎక్స్‌ప్లోరర్‌కు తెలిసింది 1.0 వరకే. పేమెంట్ పేజీ దగ్గరికి వచ్చేసరికి ‘పేజీ చూపలేము’ అని తెల్ల తెర. జూలైలో క్రోమ్ 68 వచ్చి హెచ్‌టీటీపీ సైట్లన్నింటి పక్కనా ‘నాట్ సెక్యూర్’ అని రాయడం మొదలుపెట్టింది, కాబట్టి మా సైటును కూడా ఆ రక్షణ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌కు మార్చాం. షేర్డ్ హోస్టింగులో ఒకే ఐపీ చిరునామా మీద చాలా సైట్లుంటాయి. ఏ సైటు సర్టిఫికెట్, అంటే సైటు అసలుదేనని చూపే పత్రం, కావాలో ముందే చెప్పే పద్ధతి ఎక్స్‌పీలోని ఎక్స్‌ప్లోరర్‌కు లేదు. దాంతో మొదటి పేజీకే ఎర్ర హెచ్చరిక.

ఇక్కడే సరదా సంగతి ఒకటి ఉంది. ఎక్స్‌ప్లోరర్ 8 గ్రాఫ్ ఒక్కసారిగా నేలకు దిగింది గానీ, అదే నెలల్లో అదే ఎక్స్‌పీ మెషీన్ల నుంచి క్రోమ్ 49 పెరిగింది. ఎక్స్‌పీకి క్రోమ్ ఇచ్చిన చివరి వెర్షన్ అది. 2016 ఏప్రిల్ తర్వాత అప్‌డేట్లు లేవు. డెస్క్‌టాప్ మీద రెండు ఐకాన్లూ ఎప్పటి నుంచో పక్కపక్కనే ఉన్నాయి. నీలం ‘ఈ’ తెరవకపోతే ఆపరేటర్ రంగుల చక్రం నొక్కాడు. క్రోమ్ తన టీఎల్‌ఎస్ తానే మోసుకొస్తుంది కాబట్టి పని జరిగిపోయింది. ఒక పాత బ్రౌజర్ తగ్గిందంటే దాని చోటును మరో పాత బ్రౌజర్ తీసుకుని ఉండొచ్చు. ఒక్క గీత చూసి సంతోషపడితే ఇది కనపడదు.

క్రోమ్ 49కి గండం 2021 సెప్టెంబర్ 30న వచ్చింది. మా సైటులాగే ఉచిత సర్టిఫికెట్లు వాడే లక్షల సైట్లు ఆధారపడిన పాత రూట్ సర్టిఫికెట్‌కు, అంటే వాటన్నింటినీ నమ్మడానికి మూలమైనదానికి, ఆ రోజు గడువు తీరిపోయింది. అప్పటి క్రోమ్ ఏ రూట్‌ను నమ్మాలో విండోస్‌ను అడిగేది. ఎక్స్‌పీ దగ్గర కొత్త రూట్ లేదు. ఫైర్‌ఫాక్స్ తన జాబితా తానే ఉంచుకుంటుంది కాబట్టి ఎక్స్‌పీకి చివరిదైన 52వ వెర్షన్‌లో సైటు తెరుచుకుంది. అప్పటికే అలాంటి మెషీన్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. కరోనా కాలంలో 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగి, జూన్‌లో మళ్లీ మొదలయ్యేసరికి కొన్ని నెట్ సెంటర్లు షట్టర్ ఎత్తనే లేదు. కంప్యూటర్లు తూకానికి పోయాయి. దాన్ని గ్రాఫ్‌లో చూస్తే ‘వాడకం తగ్గింది’ అనే కనిపిస్తుంది.

మిగిలిన ఆ కొద్ది ఎక్స్‌పీ మెషీన్లలో ఒకటి మా లాడ్జి రిసెప్షన్‌లోదే! బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వెనక పెద్ద పోర్టుకు తగిలించి ఉంటుంది, మూడు కాగితాల బిల్లు దాని మీదే కొట్టాలి. అక్టోబర్ మొదట్లో ఓనరు ఫోన్ చేశాడు. "మన సైటు మనకే ఓపెన్ కాలేదు గదప్పా!" కొత్త కంప్యూటర్ తీసుకోండి సార్ అంటే, "ఇది బాగానే పనిచేస్తాండాది గదా, బిల్లు వస్తాండాది" అన్నాడు. ఆ మెషీన్‌ను చివరికి మార్చింది బ్రౌజర్ కోసం కాదు. మదర్‌బోర్డు పోయింది, ఆ మోడల్ బోర్డు ఇక దొరకదని రిపేరు అతను చెప్పేశాడు. కొత్తది విండోస్ 10తో వచ్చింది, ప్రింటర్ కోసం విడిగా కార్డు వేశారు. బ్రౌజర్ మారిందన్న సంగతి రిసెప్షన్ అబ్బాయికి తట్టనే లేదు.

ఫోన్లలో కథ వేరు

ఫోన్ అంటే అంతా కొత్తదేనని అనుకుంటాం. ఒకసారి బుకింగ్ పేజీలో తేదీల క్యాలెండర్ కొందరికి ఖాళీగా కనబడుతోందని ఫోన్లు వచ్చాయి. క్యాలెండర్ ప్లగిన్ తయారుచేసినవాళ్లు కొత్త వెర్షన్‌లో ప్రశ్నార్థకం, చుక్క కలిపి రాసే ఒక జావాస్క్రిప్ట్ గుర్తు వాడారు. క్రోమ్ 80 నుంచే అది అర్థమవుతుంది. అంతకు ముందుదైతే ఆ రెండు అక్షరాలు చూసి ఫైలు మొత్తాన్నీ వదిలేస్తుంది. ఫోన్ తెచ్చి చూపించమని ఒక డ్రైవర్‌ను అడిగాను. ప్లే స్టోర్‌లో క్రోమ్ అప్‌డేట్ సిద్ధంగానే ఉంది, నొక్కితే స్టోరేజ్ లేదంటోంది. గ్యాలరీ నిండా వాట్సాప్ గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పెళ్లి వీడియోలు. వాటిని చెరపడానికి అతను ఒప్పుకోలేదు, నేను బలవంతం చేయలేదు.

మన దగ్గర తక్కువ మెమరీ ఫోన్లలో బ్రౌజర్ పాతబడటానికి పెద్ద కారణం నా లెక్కలో ఇదే. జియోఫోన్ ఇంకో రకం. కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఆ ఫోన్ 2017లో వచ్చింది గానీ, లోపలి బ్రౌజర్ ఇంజన్ 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48ది. కొత్త పెట్టె విప్పిన రోజే అది ఏడాది పాతది. ట్రావెల్స్ డ్రైవర్లలో కొందరు అదే వాడేవారు కాబట్టి ట్రిప్ వివరాల పేజీలో స్క్రిప్ట్ అసలు లేకుండా చేశాం. ఫోన్ బ్రౌజర్లు తగ్గడం మాత్రం డెస్క్‌టాప్ కంటే చాలా వేగం. ఫోన్ కింద పడుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది, ఆఫర్ వస్తుంది. పదేళ్లు వాడే ఫోన్ ఉండదు, పదేళ్లు వాడే రిసెప్షన్ కంప్యూటర్ ఉంటుంది.

109 దగ్గర ఆగిన గీత

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14న ముగిసింది. క్రోమ్ మాత్రం మరో మూడేళ్లు అప్‌డేట్లు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110కి విండోస్ 10 తప్పనిసరి. కాబట్టి విండోస్ 7 మెషీన్లన్నీ 109 దగ్గర ఆగిపోయాయి. లాగ్‌లో 108, 110, 111 అన్నీ వచ్చి పోతుంటాయి, 109 మాత్రం తిష్ట వేసుకుని ఉంటుంది. పైన ‘ఇక అప్‌డేట్లు రావాలంటే విండోస్ 10 కావాలి’ అని ఒక పట్టీ వస్తుంది, జనం ఇంటూ గుర్తు నొక్కి పని చూసుకుంటారు.

ఇది కొద్దికొద్దిగా తగ్గుతోంది. తగ్గిస్తున్నది ఎవరంటే సర్వీస్ షాపుల్లో ఎస్‌ఎస్‌డీ వేసే కుర్రాళ్లు. ‘సిస్టమ్ స్లో అయింది’ అని ఏజెంట్ తెస్తాడు, వాళ్లు హార్డ్ డిస్కు తీసి దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టి, పనిలో పనిగా విండోస్ 10 ఎక్కిస్తారు. మర్నాటి నుంచి ఆ ఆఫీసు కొత్త క్రోమ్‌తో వస్తుంది. ఇంకొన్ని ఆడిటర్ల ఆఫీసుల నుంచి ఎక్స్‌ప్లోరర్ 11 చాలాకాలం వచ్చింది. డిజిటల్ సంతకం పెట్టే కొన్ని పోర్టళ్లు దాన్నే అడిగేవి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని విరమించింది, 2023 ఫిబ్రవరి 14న తన కొత్త బ్రౌజర్ ఎడ్జ్ అప్‌డేట్ ద్వారా విండోస్ 10లో ఎక్స్‌ప్లోరర్‌ను పనిచేయకుండా చేసింది. ఐకాన్ నొక్కితే ఎడ్జే తెరుచుకుంటుంది. ఇంత కచ్చితంగా ఒక్కసారిగా ఆగిన బ్రౌజర్‌ను మా గ్రాఫులో నేను మరొకటి చూడలేదు.

మేం ఏం చేశాం

‘మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి’ అనే పసుపు పట్టీ సైటు మీద కొన్నేళ్లు ఉండేది. తీసేశాం. దాన్ని చూసేది నెట్ సెంటర్‌లో పక్కన నిలబడ్డ భక్తుడు. ఆయన చేతిలో ఏముంది? దానివల్ల ఒక్క మెషీన్ మారినట్టు లాగ్‌లో ఎక్కడా కనబడలేదు. పైగా అది చూసి సైటే దొంగదనుకుని ఒకాయన లాడ్జికి ఫోన్ చేశాడు.

బుకింగ్ ఫారాన్ని స్క్రిప్ట్ లేకపోయినా పనిచేసేలా రాశాం. తేదీ, నెల, సంవత్సరం మూడు డబ్బాల్లో ఎంచుకోవచ్చు, క్యాలెండర్ వస్తే దాని పైన వస్తుంది. ‘డబ్బు లాడ్జిలో కట్టండి’ అనే దారి ఇచ్చాం, కాబట్టి పేమెంట్ పేజీ తెరుచుకోకపోయినా గది పోదు. ఫోన్ నంబరు ప్రతి పేజీ పైనా పెద్దక్షరాల్లో ఉంటుంది. దేన్నీ బ్లాక్ చేయలేదు. సపోర్టు ఆపడమంటే మా దగ్గర అర్థం, ఆ బ్రౌజర్‌లో పరీక్షించడం మానేయడమే.

ఎప్పుడు మానేయాలన్నదానికి శాతం పెట్టుకోలేదు. ఒక బ్రౌజర్ నుంచి వరుసగా రెండు సీజన్లు, అంటే వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, ఒక్క బుకింగ్ కూడా పూర్తి కాకపోతే దాన్ని జాబితాలోంచి తీసేస్తాం. ఓనరు ఈ పద్ధతికి వెంటనే ఒప్పుకున్నాడు. శాతాలు చెప్పినప్పుడు ఆయన ముఖం వేరుగా ఉండేది. ఎక్స్‌ప్లోరర్ 8, క్రోమ్ 49, జియోఫోన్, ఎక్స్‌ప్లోరర్ 11 ఆ వరుసలోనే జాబితా నుంచి పోయాయి. 109 ఇంకా ఉంది. అది ఉండటం వల్ల పెద్ద ఇబ్బంది కూడా లేదు, పేజీని గడులుగా సర్దే గ్రిడ్ లేఅవుట్ లాంటివన్నీ దానికి వచ్చు. స్టైల్ ఫైళ్లలో ఒక నియమం లోపల ఇంకోటి రాసే సీఎస్‌ఎస్ నెస్టింగ్ 112లో గానీ రాలేదు కాబట్టి దాన్ని మాత్రం వాడకుండా రాస్తున్నాం.

విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ‘ఇంగ అన్నీ మార్చాల్నా?’ అని ఏజెంట్లు అడుగుతున్నారు. వాళ్ల మెషీన్లలో చాలావాటికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు, విండోస్ 11 ఎక్కదు. ఇన్నాళ్లూ చూసినదాన్ని బట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఆగిన రోజు, బ్రౌజర్ ఆగిన రోజు ఒకటి కావు. ఎక్స్‌పీకి రెండేళ్లు, విండోస్ 7కు మూడేళ్లు తేడా. ఎడ్జ్ అప్‌డేట్లు కనీసం 2028 అక్టోబర్ దాకా విండోస్ 10కు వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కాబట్టి విండోస్ 10 వాళ్లను ప్రస్తుతం పాత బ్రౌజర్ల కింద లెక్కపెట్టడం లేదు. వాళ్ల కోసం కొత్త వరుస తెరిచేది ఏదో ఒక వెర్షన్ నంబరు లాగ్‌లో 109లా కదలకుండా కూర్చున్నప్పుడే.